కేర్ హోమ్ నోటీసు బిల్లు వచ్చిందని వెంటనే కట్టేయకు తల్లీ

తల్లీ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. మీ మామగారిని హాస్పిటల్ నుంచి నేరుగా నర్సింగ్ హోమ్‌కి మార్చాల్సి వచ్చిందని, పాత కేర్ హోమ్ వాళ్ళేమో నాలుగు వారాల నోటీసు ఫీజు ఏడు రోజుల్లో కట్టమని బిల్లు పంపారని రాశావు. ముందు కాస్త కుదుటపడు. ఎవరో కాగితం మీద అంకె వేసి పంపినంత మాత్రాన అది నీ బాకీ అయిపోదు.

2019లో మా అత్తయ్య పోయినప్పుడు మాకూ ఇలాగే బిల్లు వచ్చింది, అదీ 28 రోజులకి. ఆవిడ పోయిన మర్నాడే మీ పెదనాన్న, నేను వెళ్ళి గది ఖాళీ చేశాం. రెండు సూట్‌కేసులు, వినికిడి మిషను, కిటికీ దగ్గర ఆవిడ పెంచుకున్న చిన్న మొక్క, అంతే సామాను. తాళం ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద తేదీ, టైము రాసి అక్కడి మేనేజర్ చేత సంతకం పెట్టించుకున్నాను. పది రోజుల తర్వాత ఆవిడ పేరున వచ్చిన ఉత్తరాలు తెచ్చుకుందామని వెళ్తే గది తలుపు మీద ఇంకొకరి పేరు కార్డు ఉంది. అది చూసి నాకు కడుపు రగిలిపోయింది. కానీ అక్కడ ఎవరితోనూ గొడవ పడకుండా ఇంటికొచ్చి ఈమెయిల్ రాశాను: ఫలానా రోజు గది అప్పజెప్పాం, ఫలానా రోజుకే అందులో వేరేవాళ్ళు ఉన్నారు, ఒకే గదికి ఇద్దరి దగ్గర డబ్బు ఎలా తీసుకుంటారు అని. చివరికి మూడు రోజుల ఫీజుతో సరిపెట్టారు.

ఆ మూడు రోజులు నేను గాలిలోంచి తెచ్చిన లెక్క కాదు. ఇక్కడ యూకేలో వినియోగదారులకి అన్యాయం జరక్కుండా చూసే ప్రభుత్వ సంస్థ, కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ, 2018లో కేర్ హోమ్‌లకి చెప్పిన లెక్క అది. మనిషి పోయాక మామూలుగా మూడు రోజులు, సామాను తియ్యకపోతే ఎక్కువలో ఎక్కువ పది రోజులు.

మీ కేసు వేరు. మామగారు బతికే ఉన్నారు, వేరే చోటికి మారారు. మారేవాళ్ళు నాలుగు వారాల నోటీసు ఇవ్వాలన్న షరతు చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది, దాన్ని అన్యాయం అనలేం. అసలు నోటీసు ఎవరు ఇచ్చినట్టు అన్నదే ఇక్కడ తేలాలి. హాస్పిటల్లో ఉండగా వాళ్ళ నర్సు వచ్చి చూసి "ఇక మా దగ్గర ఈయన్ని చూసుకోవడం కుదరదు" అందని నువ్వే రాశావు. వాళ్ళే చూసుకోలేమని చెప్పి, మీరే వెళ్ళిపోయినట్టు నోటీసు డబ్బు అడగడం ఏం న్యాయం? ఆ మాట నోటి మాటగా ఉంటే రేపు మాట మార్చేస్తారు. ఇవాళే ఈమెయిల్ పెట్టి "ఫలానా తేదీన మీరు చూసి, తిరిగి తీసుకోలేమని చెప్పారు, దయచేసి రాతపూర్వకంగా ధ్రువీకరించండి" అని అడుగు. హాస్పిటల్ డిశ్చార్జ్ టీమ్ దగ్గర కూడా ఆ నోట్ ఉంటుంది, దాని కాపీ అడుగు.

అదే ఈమెయిల్లో ఇంకో రెండు ప్రశ్నలు వెయ్యి. కాంట్రాక్టులో ఏ క్లాజు ప్రకారం ఈ డబ్బు, ఆ గదిలోకి వేరేవాళ్ళు వచ్చారా, వస్తే ఏ రోజు నుంచి. ఫోన్‌లో మాట్లాడకు తల్లీ. వాళ్ళు ఫోన్ చేసినా మర్యాదగా విని, పెట్టేశాక "మీరు ఇప్పుడు చెప్పింది ఇది" అని రెండు లైన్లు రాసి పంపు.

కాంట్రాక్టులో భాష అటూ ఇటూ అర్థం వచ్చేలా ఉంటే భయపడకు. 2015 కన్జ్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం రెండు అర్థాలు వచ్చే షరతుని వినియోగదారుడికి మేలు చేసే అర్థంలోనే తీసుకోవాలి, అన్యాయమైన షరతు అయితే అసలు చెల్లదు.

ఇక నన్ను నిజంగా కంగారు పెట్టేది వేరే ఉంది. చేర్చిన రోజు నీ భర్త ఏ గడిలో సంతకం పెట్టాడు? వాళ్ళ నాన్న వ్యవహారాలు చూసే అధికారం, అంటే పవర్ ఆఫ్ అటార్నీ, ఉన్నవాడిగా నాన్న తరఫున పెడితే బాకీ నాన్న డబ్బులోంచే తీరాలి. గ్యారంటార్, అంటే పూచీ ఉన్నవాడు, అన్న చోట పెట్టి ఉంటే మీ జేబులోంచి అడుగుతారు. చేర్చే రోజు హడావుడిలో ఎవరూ చదవరు, మేమూ చదవలేదు. కొత్త నర్సింగ్ హోమ్ కాగితాల మీద ఇంకా సంతకం పెట్టకపోతే గ్యారంటార్ అన్న పదం వెతికి మరీ చూడండి.

కౌన్సిల్ ఏర్పాటు చేసిన బెడ్ అయితే ముందు వాళ్ళ సోషల్ వర్కర్‌కే బిల్లు పంపు. మీ సొంత డబ్బయితే ముందు హోమ్‌కే రాతలో ఫిర్యాదు చెయ్యాలి. వాళ్ళ జవాబుతో తృప్తి లేకపోతే ఇంగ్లండ్‌లో ఇలాంటి ఫిర్యాదులు విచారించే లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు, పైసా ఖర్చుండదు, విషయం తెలిసిన 12 నెలల లోపు వెళ్ళాలి. చాలామంది కేర్ హోమ్‌లని తనిఖీ చేసే సీక్యూసీకి రాస్తారు, కానీ వాళ్ళు ఒక్కొక్కరి డబ్బు తగాదాలు తేల్చరు. మామగారు అక్కడ ఉన్న రోజుల ఫీజు ఏదైనా మిగిలుంటే మాత్రం ఆపకు, అది కట్టేసి మిగతాది వివాదంలో ఉందని రాయి.

సంతకాల పేజీ, నోటీసు గురించి ఉన్న పేజీ ఫోటో తీసి ఇవాళ సాయంత్రం లోపు నాకు పంపు. నీ ఈమెయిల్ పంపే ముందు ఒకసారి నేనూ చూస్తాను.

మీ పెద్దమ్మ