వార్నిష్ వేసిన పాత ప్యానెలింగ్ మీద పెయింట్ నిలుస్తుందా?

హాల్లో వార్నిష్ వేసిన పాత చెక్క ప్యానెలింగ్ వల్ల గది చీకటిగా ఉంది, పీకేయకుండా తెల్ల పెయింట్ వేయొచ్చా అని అడిగారు. వేయొచ్చు. కానీ నేరుగా వేస్తే నిలవదు. నేను రెండుసార్లు కూలి కట్టి నేర్చుకున్నా.

మాది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు మా హాలు మునిగింది. ఆ మచ్చలు ఎన్ని సున్నాలు కొట్టినా పోకపోయేసరికి మా నాయన విసిగిపోయి టేకు వినీర్ ప్లైవుడ్‌తో, అంటే పైన పల్చటి టేకు పొర అంటించిన ప్లైవుడ్‌తో, ప్యానెలింగ్ చేయించి, ముదురు వార్నిష్ పూయించాడు. పగలు కూడా లైటు వేసుకోవాల్సి వచ్చేది.

మొదటిసారి మే నెలలో, ఇంట్లో శుభకార్యముందని తొందరపడ్డాను. "ఏం కాదు సార్, రెండు కోట్లు కొడితే కప్పేస్తాది" అన్నాడు పెయింటరు. ఆ ఎండకు కుంచె లాగేలోపే పెయింట్ బిగిసి గీతలు పడ్డాయి. నెల తిరక్కముందే, నాయన దివాన్ మీద కూర్చుని తల ఆనించే చోట పెయింట్ పాలమీద మీగడలా లేచింది. గోరుతో లాగితే జానెడు ముక్క వచ్చేసింది. కింద వార్నిష్ తళతళలాడుతోంది. అన్నేళ్ల కొబ్బరినూనె అంతా అక్కడే ఉంది మరి.

రెండోసారి డిసెంబరులో మొదలుపెట్టాం. ముందు గోరువెచ్చని నీళ్లలో వాషింగ్ సోడా కలిపి, గుడ్డ తడిపి పిండి తుడిచాం. దేవుడి గూటి పక్కన దీపం మసికి గుడ్డ నల్లగా అయిపోయింది. మళ్లీ మంచినీళ్లతో తుడిచి, ఆరాక నూనె మచ్చల్ని టర్పెంటైన్‌తో తుడిచాం. తర్వాత ఉప్పుకాగితం, ముందు 150 నంబరుది, ఆపైన ఇంకా నున్నటి 220 నంబరుది. వార్నిష్ అంతా ఊడదీయాల్సిన పని లేదు, మెరుపు చస్తే చాలు. ట్యూబ్‌లైటు నీడ చెక్కలో కనిపించకపోతే అయినట్టే. వినీర్ అయితే మిషన్ పెట్టనివ్వకండి. అది కాగితమంత మందం, అరిగిందంటే లోపలి ప్లైవుడ్ బయటపడుతుంది. చేత్తోనే, చెక్క గీతల వెంబడి రుద్దాలి, ముక్కుకు మాస్కు కట్టుకుని. వార్నిష్ కింద పాతకాలపు రంగు ఉందని అనుమానముంటే పొడిగా రుద్దొద్దు, అందులో సీసం ఉండొచ్చు.

ఆయిల్ వుడ్ ప్రైమర్ పల్చగా ఒక కోటు వేసి, ఒకరోజు వదిలేశాం. మర్నాడు మూలన బ్లేడుతో అడ్డం నిలువు గీసి, టేపు అంటించి లాగి చూశాను. రంగు టేపుతో పాటు రాలేదు. ఈ పరీక్ష చేయకుండా పైకోటు వేయనివ్వకండి, పెయింటరు విసుక్కున్నా సరే.

ప్రైమర్ మీద రెండు చోట్ల టీ మరకలాంటి గోధుమరంగు తేలింది. టేకులోని రంగే అది, ఎన్ని కోట్లు వేసినా పైకి వస్తూనే ఉంటుంది. లక్కను స్పిరిట్‌లో కరిగించి, ఆ చోట్ల రెండు పూతలు పూస్తే ఆగిపోయింది. పూసేటప్పుడు ఇంట్లో దీపం, పొయ్యి ఆర్పేయండి.

లప్పం మేకుల బొక్కలకే పెట్టండి. పలకల మధ్య గాడుల్లో కూరితే చెక్క సాగి ముడుచుకున్నప్పుడు పగులుతుంది. గాడుల్లో ముందు కుంచెతో, తర్వాత పలకల మీద చిన్న ఫోమ్ రోలర్‌తో వేస్తే గీతలు కనపడవు.

ప్యానెల్ వెనక గోడ చెమ్మగా ఉంటే ముందు అది చూసుకోండి. అడుగున వేలితో తట్టి చూడండి, మెత్తగా తగిలితే ఆ పలక మార్చాల్సిందే. మీది గట్టి టేకు పలక అయితే మాత్రం నేను పెయింట్ వద్దంటాను. "టేకును సున్నం కొట్టినట్టు చేస్తివి కదరా" అని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది, వినీర్ అని చెప్పినా వినదు.

పైకోటు నేను ఆయిల్ ఎనామిల్ వేయించాను, అదొక్కటీ తప్పయింది. వెలుతురు తగలని చోట ఆ తెలుపు పసుపెక్కుతుంది. మొన్న క్యాలెండరు తీస్తే దాని కొలతకు సరిగ్గా లేత పసుపు చతురస్రం కనిపించింది. మీరు నీళ్ల ఎనామిల్ వేయించుకోండి, ఆయిల్ ప్రైమర్ బాగా ఆరాక కాస్త రుద్ది వేస్తే పడుతుంది.