ఆ ముఖాన్ని దాచిపెట్టు అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన షార్ట్ ఫిల్మ్ రెండుసార్లు చూశాను. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చిన రైతు కథ, నాకు బాగా నచ్చింది. కానీ మొదటి నిమిషంలోనే ఆయన ముఖం ఏడుసార్లు క్లోజప్‌లో పెట్టావు, అందుకే తీరా ధర వినే చోటికి వచ్చేసరికి ఆ ముఖంలో కొత్తగా చూడడానికి ఏమీ మిగల్లేదు.

మళ్లీ తీస్తానన్నావు కదా, ఈసారి వైడ్‌తో, అంటే దూరం నుంచి చోటంతా కనిపించే షాట్‌తో మొదలుపెట్టు. యార్డు నిండా బస్తాలు, హమాలీలు, ఆ గుంపులో ఎక్కడో మన రైతు. ఐదారు సెకన్లు కెమెరా కదపకు, చూసేవాళ్లే ఆయన్ను వెతుక్కోవాలి. అట్లని పైనుంచి తీసి ఆయన్ను తక్కువ చేయకు. గుంపులో చిన్నగా కనబడడం వేరు, మనమే కిందికి చూడడం వేరు. దగ్గరికి వెళ్లాక కెమెరా ఆయన కళ్ల ఎత్తులోనే ఉండాలి.

ఖరీదుదారు బస్తాలో చెయ్యి పెట్టి తాలు, అంటే నాసిరకం కాయ ఉందంటాడు కదా, అక్కడ నడుము దాకా కనిపించే మిడ్ షాట్ చాలు, ఇద్దరి చేతులూ కనిపించాలి. ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని తీసేటప్పుడు ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకుని, దానికి ఒకే పక్కన నిలబడు. నువ్వు గీత దాటావు, అందుకే ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు వచ్చింది.

ఇక ధర చెప్పేటప్పుడు చెప్పేవాడిని చూపించకు. మాట మాత్రం వినిపించాలి, తెర మీద రైతు ముఖం ఉండాలి. సినిమా మొత్తంలో క్లోజప్ అదొక్కటే. ఆయన మాట్లాడకపోయినా కట్ చేయకు.

పెళ్లి వీడియోలు తీసే రోజుల్లో హన్మకొండలో ఒక అప్పగింతలప్పుడు పెళ్లికూతురి కన్నీళ్ల మీదే జూమ్ చేసి ఉండిపోయాను. పక్కనే తండ్రి కండువా నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడని తర్వాత ఎవరో చెప్పారు. రెండడుగులు వెనక్కి వేసి ఉంటే ఇద్దరూ ఫ్రేములోకి వచ్చేవాళ్లు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఫోన్‌లో వేళ్లతో జూమ్ చేయకు, బొమ్మ పాడవుతుంది, నడిచి దగ్గరికి వెళ్లు. మార్కెట్ వాళ్లను ముందే అడుగు, జెండా పాట, అంటే ధర తేల్చే వేలం, మొదలయ్యేలోపే వైడ్ షాట్లు అయిపోవాలి. మెత్తటి గుడ్డ ఒకటి జేబులో పెట్టుకో, మిర్చి దుమ్ముకు లెన్స్ ఊరికే మసకబారుతుంది.

తీసింది తీసినట్టే పంపు, ఎడిటింగ్ ముందు ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామ