లెన్స్ కొనే ముందు

చిన్నమ్మడూ,

కాలేజీ ఫెస్ట్‌లో రాక్ బ్యాండ్ ఫోటోలు తీసే పని నీకే అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. ఏ లెన్స్ కొనమంటావు మామయ్యా అని అడిగావు. నీ దగ్గరున్నది చాలు. ఆ డబ్బు దాచుకుని, ముందు 1960ల నాటి అమెరికా రాక్ ఫోటోలు తీరిగ్గా చూడు.

జిమ్ మార్షల్‌తో మొదలుపెట్టు. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాండిల్‌స్టిక్ పార్క్‌లో బీటిల్స్ చివరి కచేరీ జరిగినప్పుడు స్టేజీ వెనక్కి రానిచ్చిన ఫోటోగ్రాఫర్ ఆయనొక్కడే. అన్నిచోట్లా తిరగనివ్వకపోతే పని ఒప్పుకోని మనిషి. ఆయన వాడిన లైకా కెమెరాలో, ఫోటో తీసేటప్పుడు లోపల ఎగిరిపడే అద్దం ఉండదు కాబట్టి క్లిక్ శబ్దం కూడా పెద్దగా వినపడదు. అలసిపోయి కూర్చున్నవాళ్లు, సిగరెట్ వెలిగించుకుంటున్నవాళ్లు ఆ ఫోటోల్లో మనవైపు చూడరు, ఎందుకంటే ఆయన అక్కడున్నాడని వాళ్లు అప్పటికే మరిచిపోయారు. నువ్వూ సౌండ్ చెక్ సమయానికే వెళ్లు. కెమెరా సంచిలోనే ఉంచి కాసేపు కబుర్లు చెప్పు. డ్రమ్మర్‌ను అస్సలు వదలకు. వెనక కూర్చుంటాడని ఆ పిల్లవాడిని అందరూ మరిచిపోతారు.

ఇంకో ఫోటోగ్రాఫర్ హెన్రీ డిల్ట్జ్ అయితే స్వయంగా బ్యాంజో వాయించే కళాకారుడు. లాస్ ఏంజెలెస్‌లో లారెల్ కాన్యన్ అనే పేటలోని పాటగాళ్లంతా ఆయనకు స్నేహితులు. తమ పేర్లతోనే బ్యాండ్ పెట్టిన క్రాస్బీ, స్టిల్స్, నాష్‌లను ఒక పాత ఇంటి ముందు సోఫాలో కూర్చోబెట్టి తీశాడు. తీరా చూస్తే వాళ్లు కూర్చున్న వరుస, బ్యాండ్ పేరులోని వరుస ఒకటి కాదు. మళ్లీ తీద్దామని వెళ్లేసరికి ఇల్లు కూల్చేసి ఉంది! 1969లో ఆ మొదటి ఫోటోనే ఆల్బమ్ అట్టమీద వేశారు. నాకు ఎంతో ఇష్టమైన ఫోటో అది. అందుకే చెబుతున్నా, బాగున్నచోట అప్పటికప్పుడే నాలుగు రకాలుగా తీసిపెట్టుకో.

1967 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరీ సంగీతోత్సవంలో గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ తన గిటార్‌కు నిప్పు పెట్టినప్పుడు కుర్చీ ఎక్కి ఫోటో తీసిన ఎడ్ కరాఫ్ వయసు 17. హైస్కూలు కుర్రాడు. అప్పట్లో ఫిల్మ్ రీలులో కొన్ని ఫోటోలే పడేవి కాబట్టి ఆచితూచి తీసేవాళ్లు. ఇవాళ నీ కార్డులో వేల ఫోటోలు పడతాయి, అయినా మొదటి పాటకే వరసగా నొక్కేసి చెయ్యి అలసిపోనివ్వకు. కాసేపు పాట విను. గాయకుడు ఎప్పుడు ఊపిరి తీసుకుంటాడో, గిటారిస్ట్ ఎప్పుడు తల ఎత్తుతాడో రెండో పాటకల్లా తెలిసిపోతుంది.

వెలుగు తక్కువని ఫ్లాష్ వేయకు. ఆ ఫోటోగ్రాఫర్లు 400 స్పీడ్ ట్రై-ఎక్స్ అనే నలుపు-తెలుపు ఫిల్మ్‌ను తక్కువ వెలుగులో వాడి, కడిగేటప్పుడు ఎక్కువసేపు ఉంచి ఆ చీకటి హాళ్లలో పని నడిపారు. ఫోటోలో గరుకు చుక్కలు కనిపించాయి, కనిపించనీ. నీ కెమెరాలో ఐఎస్ఓ, అంటే వెలుగును పట్టుకునే వేగం, పెంచుకో.

మధ్యలో ఒకసారి స్టేజీకి వీపు తిప్పి జనాన్ని చూడు. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో ఫోటోగ్రాఫర్ బేరన్ వుల్మన్ ఎక్కువగా తీసింది జనాన్నే. ఆయన ఇంకో మంచి పని చేశాడు. రోలింగ్ స్టోన్ అనే సంగీత పత్రికకు తొలి చీఫ్ ఫోటోగ్రాఫర్‌గా డబ్బు తీసుకోకుండా, ఫోటోల హక్కులు మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. నువ్వు డబ్బు వదులుకోనక్కర్లేదు కానీ ఒరిజినల్ ఫైళ్లు ఎవరికీ ఇవ్వకు. ఎక్కడెక్కడ వాడుకోవచ్చో ముందే కాగితం మీద రాయించుకో. సంతకం పెట్టేముందు నాకు వాట్సాప్‌లో పంపు, చదివి చెబుతాను.

ఆశీస్సులతో,
మామయ్య