మత్తు ఇచ్చే ముందు కులం ఎందుకు అడిగారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకు అపెండిక్స్ ఆపరేషన్ చేసే ముందు మత్తు డాక్టరు "మీరు వైశ్యులా?" అని అడిగారు. స్కోలిన్ ఇంజెక్షన్ మాలో కొందరికి పడదట. నేను బీజెడ్‌సీ చదువుతున్నాను. ప్రకృతి వరణం మేలు చేసే లక్షణాలనే నిలబెడుతుందని మా పాఠం. మరి ఈ లోపంతో మాకు ఒరిగిందేమిటి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఏమీ ఒరగలేదమ్మా. రిటైరయ్యేదాకా నేనూ ఆ ప్రశ్న అడిగినవాణ్ణే. స్కోలిన్‌తో సడలిన కండరాలు మామూలుగా ఐదు పది నిమిషాల్లో తేరుకుంటాయి. రక్తంలోని సూడోకొలినెస్టరేజ్ ఎంజైమ్ ఆ మందును విరగ్గొడుతుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువే వస్తే మనిషి గంటల తరబడి సొంతంగా ఊపిరి తీసుకోలేడు. వెంటిలేటర్ ఖాళీ లేకపోతే బ్యాగు చేత్తో నొక్కుతూ పక్కనే కూర్చోవాల్సిందే.

ఇంతా చేస్తే, స్కోలిన్ థియేటర్లలోకి వచ్చింది 1950లలో. అంతకుముందు ఈ లోపమున్నవాళ్లు అందరిలాగే బతికారు, పిల్లల్ని కన్నారు. లాభం లేదు, నష్టం లేదు. ప్రకృతి వరణానికి అక్కడ పనేముంది?

మిగిలింది జెనెటిక్ డ్రిఫ్ట్, అంటే లాభనష్టాలతో పనిలేకుండా ఒక జన్యువు కేవలం యాదృచ్ఛికంగా జనంలో పెరగడమో తగ్గడమో. బస్తాలోంచి పిడికెడు గింజలు తీస్తే అందులో నల్లవి రెండు ఎక్కువ పడొచ్చు. ఆ పిడికెడే విత్తితే పంటంతా అలాగే వస్తుంది. వైశ్యుల మూలపురుషులు కొద్దిమందేననీ, ఆ ఘట్టం సుమారు 100 తరాల కిందటిదనీ 2009లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు తేల్చారు. మేనరికాలదే తప్పంటారు కొందరు. మేనరికం మానినా పెళ్లి కులంలోనే అయితే ఆ జన్యువు ఇద్దరి దగ్గరా ఉండొచ్చు.

ఇప్పుడు సికిల్ సెల్ చూడండి, ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు. ఆఫ్రికా, అరేబియా, మన ఏజెన్సీ ప్రాంతాలు: చుట్టరికం లేని జనాలు, కానీ అన్నిచోట్లా మలేరియా. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే లోపమున్న జన్యువు వచ్చినవాళ్లకు తీవ్ర మలేరియా నుంచి రక్షణ దొరుకుతుంది. ఇది ప్రకృతి వరణమే. డ్రిఫ్ట్ జాడ జీనోమ్ (మనిషి మొత్తం జన్యు సమాచారం) అంతటా కనిపిస్తుంది. వరణం జాడ సాధారణంగా ఆ జన్యువు చుట్టుపక్కలే. అయితే రెండూ కలిసే నడుస్తాయి. సికిల్ సెల్‌లో కూడా ఒక తెగకూ ఇంకో తెగకూ ఉన్న హెచ్చుతగ్గుల్లో కొంత డ్రిఫ్ట్ వాటా ఉంటుంది. పరీక్షలో ఈ ముక్క రాస్తే మీ మేడమ్ సంతోషిస్తారు.

నాన్నగారికి సూడోకొలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించండి. తక్కువని తేలితే మీరూ, మీ తోబుట్టువులూ చేయించుకుని రిపోర్టు ఫైల్లో పెట్టుకోండి. ఆపరేషన్ ముందు అది చూపిస్తే చాలు, మత్తు డాక్టరు స్కోలిన్ బదులు వేరే మందు వాడతారు.