తెల్ల రక్తకణాలు తగ్గాయి, క్యాన్సర్ మాత్ర ఆపేయాలా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది. హార్మోన్ పాజిటివ్, హెర్-2 నెగెటివ్ అన్నారు. రోజూ లెట్రోజోల్, దాంతోపాటు పాల్బోసిక్లిబ్ 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపమన్నారు. మొదటి నెల 15వ రోజు పరీక్షలో తెల్ల రక్తకణాలు బాగా తగ్గాయి. మందు మంచి కణాలనూ చంపేస్తోందా? ఆపిన వారంలో గడ్డ పెరగదా? చాలా టెన్షన్‌గా ఉంది.

సలహా: ముందుగా ఒక మాట, మీ అంతట మీరు మాత్ర ఆపకండి. పాల్బోసిక్లిబ్ అమ్మగారి ఎముక మజ్జలోని కణాలను కీమోలా చంపదు, అవి విభజన చెందకుండా కొన్నాళ్లు నిలబెడుతుంది, అంతే.

ఎలాగో చెబుతాను. కణం రెండుగా చీలాలంటే ముందు తన డీఎన్‌ఏ మొత్తానికీ ఇంకో ప్రతి తయారుచేసుకోవాలి. దానికి కావలసిన ఎంజైముల జన్యువులు మామూలప్పుడు మూతపడి ఉంటాయి. వాటిని తెరిపించేవి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు, అంటే జన్యువు దగ్గర డీఎన్‌ఏకి అతుక్కుని పని మొదలుపెట్టమని పురమాయించే ప్రొటీన్లు. ఇక్కడ ముఖ్యమైనది ఈ2ఎఫ్. దాన్ని ఆర్‌బీ అనే మరో ప్రొటీన్ గట్టిగా పట్టుకుని ఉంటుంది (పసిపిల్లలకు వచ్చే కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమా పేరు మీదే దానికి ఆ పేరు వచ్చింది). సైక్లిన్-డి అనే ప్రొటీన్‌తో జతకట్టిన సీడీకే4, సీడీకే6 ఎంజైములు ఆర్‌బీకి ఫాస్ఫేట్లు తగిలిస్తే ఆ పట్టు సడలుతుంది, ఈ2ఎఫ్ బయటపడి కావలసిన జన్యువులతోపాటు సైక్లిన్-ఇ జన్యువునీ పనిలో పెడుతుంది, ఆ సైక్లిన్-ఇ వచ్చి ఆర్‌బీని ఇంకా వదులు చేస్తుంది, అందుకే ఈ దశ దాటిన కణం ఇక విభజన వైపే పోతుంది.

అమ్మగారి క్యాన్సర్‌లో ఇంకో సంగతి ఉంది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అందుకునే ప్రొటీన్) కూడా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరే, అది సైక్లిన్-డిని ఎక్కువగా తయారుచేయిస్తుంది. లెట్రోజోల్ ఈస్ట్రోజెన్‌ను తగ్గిస్తుంది, పాల్బోసిక్లిబ్ సీడీకేలను అడ్డుకుంటుంది. ఒకే దారికి రెండుచోట్ల అడ్డుకట్ట వేసినట్టు. ఈ జోడీ నిజంగా మంచి మందు, అందుకే భయపడి వదిలేసుకునేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

మజ్జలో రక్తకణాలను పుట్టించే కణాలకు కూడా సీడీకే6 అవసరం, కాబట్టి అవీ ఆగుతాయి. వారం విరామం వాటి కోసమే, మందు తగ్గగానే మళ్లీ పని అందుకుంటాయి. ఆ వారం గడ్డను గాలికి వదిలేసినట్టు కాదు, లెట్రోజోల్ రోజూ నడుస్తూనే ఉంటుంది కదా, దాన్ని మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దు.

రిపోర్టులో మొత్తం తెల్లకణాలు కాకుండా న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే ఒక రకం తెల్లకణాలు) సంఖ్య, అంటే మైక్రోలీటరు రక్తంలో ఎన్ని ఉన్నాయో చూడండి. 15వ రోజున అది 500 నుంచి 1,000 మధ్య ఉండి జ్వరం లేకపోతే సాధారణంగా అదే డోసుతో ఆ నెల కోర్సు పూర్తిచేయించి 22వ రోజున మళ్లీ పరీక్ష చేస్తారు. 500 కంటే తగ్గితే పాల్బోసిక్లిబ్ ఆపి, కోలుకున్నాక 125 నుంచి 100 మిల్లీగ్రాములకు దించుతారు. డోసు తగ్గించారంటే వైద్యం విఫలమైందని కాదు. నిర్ణయం మాత్రం మీ ఆంకాలజిస్టుదే, ఆ సంఖ్య ఈరోజే ఆయనకు చెప్పండి.

ఇంట్లో థర్మామీటర్ ఉంచుకోండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటినా, వణుకు వచ్చినా, అర్ధరాత్రి అయినా సరే, తెల్లారేదాకా చూద్దామనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.