డెన్వర్ ఓడితే సియాటిల్‌లో పండగ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి డెన్వర్‌లో, మా ఎదురింటివారి అబ్బాయి సియాటిల్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఇద్దరికీ అమెరికా ఫుట్‌బాల్ అంటే ప్రాణం. సంక్రాంతికి తిరుపతి వచ్చినప్పుడు 2022 నాటి గొడవ మళ్ళీ ఎత్తుకున్నారు. ఆ ఏడాది డెన్వర్ ఎవరి చేతిలో ఓడినా సియాటిల్ అభిమానులు సంబరపడ్డారట. తమతో ఆట లేని రోజున కూడా ఎందుకంత సంతోషం? అంతా ఆ క్వార్టర్‌బ్యాక్ వల్లే అంటున్నారు. నాకు అర్థమయ్యేలా చెప్పండి.
— ఒక పాఠకురాలు, భవానీ నగర్, తిరుపతి

జవాబు: అమ్మా, ఆ ఆటలో దాదాపు ప్రతిసారీ బంతి మొదట చేరేది క్వార్టర్‌బ్యాక్ చేతికే. దూరంగా విసరాలా, పక్కవాడికి అందించాలా, తానే పరుగు తీయాలా అన్నది రెండు మూడు క్షణాల్లో తేల్చుకోవాలి. అందుకే ఆ ఒక్క స్థానం కోసం జట్లు ఎంతకైనా తెగిస్తాయి.

మీవాళ్ళు చెబుతున్న ఆ క్వార్టర్‌బ్యాక్ రస్సెల్ విల్సన్. అతను పదేళ్ళు సియాటిల్ సీహాక్స్‌కు ఆడాడు. 2014 ఫిబ్రవరిలో అతను క్వార్టర్‌బ్యాక్‌గా ఉన్న సియాటిల్ 43–8తో సూపర్ బౌల్, అంటే ఆ సీజన్ ఆఖరి పోరు, గెలిచింది. ఆ రోజు చిత్తయిన జట్టు డెన్వర్ బ్రాంకోసే. అదే డెన్వర్ 2022 మార్చిలో అతన్ని తెచ్చుకుంది. బదులుగా ముగ్గురు ఆటగాళ్ళను ఇచ్చింది. 2022, 2023 డ్రాఫ్టుల్లో తన మొదటి, రెండో రౌండ్ల వంతులను కూడా సియాటిల్‌కు రాసిచ్చింది.

మీ సందేహానికి సమాధానం ఈ వంతుల్లోనే ఉంది. డ్రాఫ్టులో 32 జట్లూ కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి. వెనకబడిన జట్టుకు ముందు అవకాశం. 2023లో డెన్వర్‌కు దక్కాల్సిన తొలి వంతుకు అప్పటికే సొంతదారు సియాటిల్. కాబట్టి డెన్వర్ ఎన్ని ఆటలు ఓడితే సియాటిల్‌కు అంత మంచి కుర్రాడు. డెన్వర్ 17 ఆటల్లో 5 మాత్రమే గెలిచింది. ఆ వంతు అయిదో స్థానానికి ఎగబాకింది. దానితో సియాటిల్ తీసుకున్న డెవాన్ విదర్‌స్పూన్ తొలి ఏడాదే ప్రో బౌల్‌కు, అంటే ఆ ఏటి మేటి ఆటగాళ్ళ జాబితాకు, ఎంపికయ్యాడు.

ఆ ఏడాది డెన్వర్ తొలి ఆట సియాటిల్‌లోనే జరిగింది. డెన్వర్ 17–16తో వెనకబడి ఉంది, సమయం అయిపోవస్తోంది. చివరి అవకాశమైన నాలుగో ప్రయత్నంలో అయిదు గజాలు సాధిస్తే ఆట చేతిలో ఉంటుంది. ఏ మనిషి కోసం అంత ధర పోశారో అతను మైదానంలోనే ఉన్నాడు. కోచ్ మాత్రం అతన్ని బయటికి పిలిచి, 64 గజాల దూరం నుంచి గోల్ కొట్టమని కిక్కర్‌ను పంపాడు. బంతి తప్పింది, ఆట పోయింది. ఆ ఘట్టం చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది. నమ్మి తెచ్చుకున్నవాణ్ణి నమ్మాల్సిన క్షణంలో నమ్మలేదు. విల్సన్ ఒక్కణ్ణే తిట్టడం అన్యాయమని నేననేది అందుకే. ఆ కోచ్‌ను సీజన్ పూర్తికాకముందే తొలగించారు.

సియాటిల్ సంగతి చూడండి. ఏళ్ళ తరబడి బెంచీ మీద కూర్చున్న జీనో స్మిత్‌కు బాధ్యత అప్పగిస్తే, జట్టును ప్లేఆఫ్స్‌కు, అంటే సూపర్ బౌల్‌కు దారితీసే నాకౌట్ ఆటలకు, చేర్చాడు. లాభపడ్డవారిలో కాన్సస్ సిటీ కూడా ఉంది. డెన్వర్ విభాగంలోనిదే కాబట్టి ఏటా రెండుసార్లు తలపడుతుంది. 2022లో రెండూ గెలిచి, ఆ సీజన్ సూపర్ బౌల్ కూడా ఎత్తుకెళ్ళింది.

అసలు దెబ్బ, నా ఉద్దేశంలో, డబ్బుది. డెన్వర్ తరఫున ఒక్క ఆటైనా ఆడకముందే విల్సన్‌తో అయిదేళ్ళకు 24.5 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నారు. ఇక వెనక్కి తగ్గే దారి లేదు. చిత్తూరు మెసానికల్ మైదానంలో కబడ్డీ చూసినవారికి ఈ పరిస్థితి బాగా తెలుసు. పేరున్నవాడు ఒకసారి దొరికిపోయి మళ్ళీ లోపలికి రాగానే, అతన్ని నమ్ముకునే జట్టు కట్టారు గనుక కూతకు మళ్ళీ అతన్నే పంపుతారు. ఎదుటి పక్షం అతని కోసమే కాచుకుని ఉంటుంది. చివరికి 2024 మార్చిలో విల్సన్‌ను వదులుకున్నప్పుడు 8.5 కోట్ల డాలర్లు డెన్వర్ జీతాల పరిమితిలో (ఆటగాళ్ళ మీద ఒక జట్టు ఏటా ఖర్చు చేయడానికి ఉన్న హద్దులో) రెండేళ్ళ పాటు భారంగా మిగిలాయి. ఆటగాడు లేడు, ఖర్చు మాత్రం ఉంది. మిగతా స్థానాలకు మంచివారిని తెచ్చుకోవడానికి ఆ మేరకు చేతులు కట్టుబడినట్టే కదా!

మీ అబ్బాయిని మాత్రం దిగులు పడవద్దనండి. 2016 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాక ప్లేఆఫ్స్ మొహం చూడని డెన్వర్, 2024 సీజన్‌లో ఆ భారం మోస్తూనే మళ్ళీ అక్కడికి చేరింది. చేర్చినవాడు అదే ఏడాది డ్రాఫ్టులో 12వ వంతుతో తీసుకున్న కొత్త క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్. ఆ వంతును డెన్వర్ ఎవరికీ రాసివ్వలేదు.