‘ఆల్దో’ ఉన్న చోట ‘బట్’ ఎందుకు కూడదు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంగ్లీషు వ్యాసంలో ‘ఆల్దో ద బస్ వజ్ లేట్, బట్ వి రీచ్‌డ్ విజయవాడ ఆన్ టైమ్’ అని రాస్తే మాస్టారు ‘బట్’ను కొట్టివేసి, మరో వాక్యంలోని ‘బట్ స్టిల్’ను మాత్రం అలాగే ఉంచారు. కారణం తెలుపగలరా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాస్టారు దిద్దినది సరైనదే. ‘ఆల్దో’, ‘బట్’ రెండూ వాక్యాలను కలిపే సముచ్చయాలు కనుక, రెండు వాక్యాల మధ్య ఆ పనికి ఒక్కటే చాలు. ‘బస్సు ఆలస్యమైనప్పటికీ, కానీ సమయానికి చేరాం’ అని తెలుగులోనూ అనము కదా! ‘స్టిల్’ సంగతి వేరు. అది క్రియావిశేషణం, వాక్యాలను కలపదు, ‘అయినా సరే’ అన్న బలాన్ని మాత్రమే చేరుస్తుంది. అందువల్ల ‘బట్ వి స్టిల్ రీచ్‌డ్ ఆన్ టైమ్’ అన్నా, ‘ఆల్దో ద బస్ వజ్ లేట్, వి స్టిల్ రీచ్‌డ్ ఆన్ టైమ్’ అన్నా దోషం లేదు. పాత వ్యాకరణాల్లో కనిపించే ‘దో... యెట్’ జంట తప్పు కాదు గాని, నేటి రచనలో అరుదు.

పిల్లలు ఎక్కువగా తడబడేది, నా అనుభవంలో, ‘హౌఎవర్’ దగ్గరే. ‘బట్’ అర్థమే ఇస్తున్నా అది క్రియావిశేషణమే కాబట్టి, దాని ముందు కామా ఒక్కటే పెట్టి రెండు పూర్తి వాక్యాలను అతికించకూడదు. ఫుల్‌స్టాపో సెమీకోలనో పెట్టి, ‘హౌఎవర్’ తరువాత కామా ఉంచాలి. ‘బట్ హౌఎవర్’ అనడం పునరుక్తి. ‘దో’ మాత్రం సంభాషణలో వాక్యం చివర క్రియావిశేషణంగానూ నిలుస్తుంది: ‘వి రీచ్‌డ్ ఆన్ టైమ్, దో.’ అక్కడ ‘ఆల్దో’ చెల్లదు.